మధురవాణి మాకేమవుతుంది?

మా కంచికచర్ల మీదుగా పోయే హైదరాబాదు రోడ్డుకు తెలుగు నాటకంతో పాత చుట్టరికం ఉంది. ఇప్పుడు దాన్ని 65వ నెంబరు జాతీయ రహదారి అంటున్నారు, మొన్న మొన్నటిదాకా 9వ నెంబరు. గోల్కొండ సుల్తానుల కాలంలో రాజధానికీ మచిలీపట్నం రేవుకూ మధ్య నడిచిన బాట కూడా ఈ మెట్ట సీమలోంచే పోయింది. 1672 నుంచి 1687 దాకా ఏలిన చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా మచిలీపట్నం వైపు వెళుతూ కూచిపూడి భాగవతుల ఆట చూశాడనీ, మెచ్చి ఆ ఊరినే వాళ్ళకు అగ్రహారంగా రాసిచ్చాడనీ చెప్పుకుంటారు. ఎవరు చెప్పుకుంటారు? మేం కాదు. కూచిపూడి బ్రాహ్మణ కుటుంబాలే తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చాయి. అది కథో, కాయితమో తేల్చే పని చరిత్రకారులది. తమ బతుకుతెరువుకు మూలపురుషుడిగా ఒక తురక సుల్తానును వాళ్ళు మూడు వందల ఏళ్ళు గుర్తుపెట్టుకున్నారన్నది మాత్రం నిఖార్సయిన నిజం. మమ్మల్ని పరాయివాళ్ళుగా లెక్కగట్టే చరిత్ర పుస్తకాలు ఆ పాటి జ్ఞాపకం కూడా ఉంచుకోలేదు.

కూచిపూడి అనగానే భామాకలాపం. సిద్ధేంద్రయోగి పేరుతో వచ్చిన ఆ కలాపంలో నాయిక సత్యభామ. ఆ ఊళ్ళో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని కట్టడి. తెర మీద జడ వేసి ప్రవేశించడమే ఒక సవాలు. నన్ను మించి ఆడగలవాళ్ళుంటే వచ్చి ఈ జడ కోసుకుపొమ్మని దానర్థం. ఆ తరువాత నడిచేదంతా హాస్యమే. నీ మొగుడి పేరేమిటని చెలికత్తె మాధవి అడుగుతుంది. మొగుడి పేరు ఆడది పలకకూడదు కదా! సత్యభామ సిగ్గుపడి, మెలికలు తిరిగి, సైగలతో, పొడుపులతో చెప్పడానికి తంటాలు పడుతుంది. కృష్ణుడికి ఉత్తరం చేరవెయ్యమంటే ముక్కుపుడక ఇస్తేగాని కదలనంటుంది మాధవి. మా ఇళ్ళల్లో అమ్మీలు, నానీలు కూడా భర్త పేరు పలకరు. "మా పెద్దోడి అబ్బా" అంటారు. ఈ దృశ్యం చూసి ముసిముసిగా నవ్వే ముస్లిం ఆడవాళ్ళకు అందులో ఏ మతమూ కనిపించదు, తమ వంటిల్లే కనిపిస్తుంది.

సత్యభామది గర్వభంగం కథ అని పండితులంటారు. నిజమే, చివరికి ఆమె తల వంచుతుంది. కానీ రాత్రంతా జనాన్ని కూర్చోబెట్టింది వంచిన తలా? ఎత్తిన తలా? జనం గుర్తుపెట్టుకున్నది ఆ జడనే. హాస్యానికి ఈ గుణం ఉంది. చివర్లో లోకనీతికి లొంగినట్టు నటిస్తూ మధ్యలో చెప్పదలచుకున్నదంతా చెప్పేస్తుంది. అదే కూచిపూడిలో భాగవతుల రామయ్య 19వ శతాబ్దిలో కట్టిన గొల్లకలాపం ఇంకో మెట్టు పైకెక్కింది. చల్లలమ్ముకునే గొల్లభామ బ్రాహ్మణుణ్ణి నిలేసి, పుట్టుకతో బ్రాహ్మణ్యం ఎలా వస్తుందో చెప్పమంటుంది. తల్లి కడుపులో పిండం పెరిగే తీరు ఆమె వివరిస్తుంటే వినేవాడు బ్రాహ్మణుడు. వేషం కట్టేదీ బ్రాహ్మణుడే. ఇంత మాట ఆడదాని నోట, అదీ శూద్ర స్త్రీ నోట పలికించగలిగారు, ఆడదాన్ని మాత్రం గజ్జె కట్టనివ్వలేదు.

ఇది మన ఒక్కరి పాపం కాదు. క్రీస్తుకు పూర్వం 411లో ఏథెన్సులో అరిస్టోఫనీస్ ఒక హాస్య నాటకం ఆడించాడు. యుద్ధం ఆపేదాకా మొగుళ్ళను దగ్గరికి రానివ్వమని ఆడవాళ్ళంతా ఒట్టుపెట్టుకుని, కోట ఆక్రమించి, ఖజానాకు తాళం వేస్తారు. వాళ్ళ నాయకురాలు లైసిస్ట్రాటా. ఆ వేషాలన్నీ కట్టింది మగవాళ్ళే. షేక్‌స్పియర్ పోర్షియా వకీలు దుస్తులు వేసుకుని కోర్టును గెలిచింది. అక్కడ మగపిల్లవాడు ఆడదై, ఆ ఆడది మళ్ళీ మగవాడైంది. లోకమంతా ఆడదాని తెలివిని ముచ్చటపడి చూసింది. ఆ తెలివి పరాయి ఒంటిమీద ఉన్నంతసేపే చూసింది.

ఇక కన్యాశుల్కం. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో గురజాడ అప్పారావు దాన్ని బాగా పెంచి తిరగరాశాడు. ఇప్పుడు మనం చదువుతున్నది ఆ రెండో కూర్పే. సంస్కరణ నాటకమని బళ్ళో చెప్పారు. తీరా చదివితే సంస్కర్తలూ, పండితులూ, వకీళ్ళూ ఒకరి తరువాత ఒకరు బోర్లాపడుతుంటే, నిలబడి ఉండేది ఆడవాళ్ళే. కూతురి పెళ్ళి ఆపడానికి నూతిలో దూకిన వెంకమ్మను చూసి నవ్వలేం. పూటకూళ్ళమ్మ వేరు. విధవ, కూడు వండి పెట్టి బతికేది, గిరీశం చేతిలో డబ్బు పోగొట్టుకుంది. ఆ డబ్బు కోసం ఆమె కోర్టుకెక్కలేదు, ఏ సంఘానికీ అర్జీ పెట్టుకోలేదు. చీపురుకట్ట పట్టుకుని మధురవాణి ఇంటికే వచ్చింది. మంచం కింద గిరీశంతోబాటు రామప్పంతులు కూడా దాక్కుని ఉన్నాడు. దెబ్బ రామప్పంతులికి తగిలింది. తగలవలసినవాడికి తగల్లేదని ఎవరికీ బాధ ఉండదు, ఇద్దరికీ చెల్లు.

ఆ చీపురు 1992లో నెల్లూరు జిల్లాలో మళ్ళీ లేచింది. అక్షరాస్యతా ఉద్యమం కళాజాతాలు ఊరూరా తిరిగి ఆటా పాటా చూపించాయి. రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకున్న దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఆ గాలి రాష్ట్రమంతా వీచి 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం తెచ్చింది. తరువాత ప్రభుత్వమే దాన్ని సడలించుకుంది, అది వేరే కథ. స్త్రీల సాధికారత అనే మాట సర్కారు కాగితాల్లోకి రాకముందే పూటకూళ్ళమ్మకు దాని వాడుక తెలుసు.

మధురవాణి చీపురు పట్టదు. లెక్క కడుతుంది. తన చుట్టూ తిరిగే ఒక్కొక్క మగవాడి ఖరీదు ఎంతో ఆమెకు కచ్చితంగా తెలుసు. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం కట్టి ముసలి లుబ్ధావధాన్లుకు పెళ్ళికూతురని అంటగడితే, ఆ పన్నాగానికి లోపలినుంచి కాపు కాసింది ఆమె. తన కంటెను పెళ్ళికి ఎరువిచ్చి, ఆ కంటె పేరు చెప్పే రామప్పంతుల్ని ముప్పుతిప్పలు పెట్టింది. పెళ్ళికూతురు మాయమై లుబ్ధావధాన్లు మీద హత్యానేరం పడ్డప్పుడు మగవేషం వేసుకుని వకీలు సౌజన్యారావు ఇంటికి వెళ్ళింది. ఆయన భోగంవాళ్ళ ముఖం చూడనని పట్టుబట్టిన పెద్దమనిషి. చూడననే నియమం ఎంత గొప్పదో, దానివల్ల చెడేదెవరో ఆమె ఆయన ఎదుటే కూర్చుని నిదానంగా విప్పి చూపిస్తుంది. ఆ రంగంలో సంస్కరణ ఉద్యమం మొత్తం ఒక వేశ్య ముందు పరీక్షకు కూర్చుంది. పాసయిందని నేననుకోను. బుచ్చమ్మకు పూనా వితంతు శరణాలయం దారి దొరికింది, మధురవాణికి భగవద్గీత దొరికింది. పుస్తకం పట్టుకుని ఆమె ఏ ఇంటికి వెళ్ళిందో నాటకం చెప్పదు. గురజాడకే ఆమెను ఎక్కడ ఉంచాలో తోచలేదేమో! 1955 సినిమాలో సావిత్రి ఆ పాత్ర వేశాక తెలుగువాళ్ళ కళ్ళకు ఆమె రూపం స్థిరపడింది గానీ చిరునామా మాత్రం ఈనాటికీ లేదు.

ఇక్కడే మధురవాణి మాకేమవుతుందన్న ప్రశ్న వస్తుంది. గౌరవం అందరికంటే ఎక్కువ ఉండి, ఉండటానికి చోటులేని మనిషి కథ మైనారిటీలకు వివరించి చెప్పనక్కరలేదు.

అప్పట్లో ఈ వేషాలు కట్టినవాళ్ళల్లో మొనగాడు స్థానం నరసింహారావు. 1902లో బాపట్లలో పుట్టి, తెనాలి శ్రీరామ విలాస సభలో వెలిగి, 1956లో పద్మశ్రీ అందుకున్నాడు. సత్యభామ ఆయనే, మధురవాణి ఆయనే, చింతామణి ఆయనే. రోషనార కూడా ఆయనే. ఈ నాలుగో పేరు దగ్గర నాకు కాలు ఆగుతుంది. కొప్పరపు సుబ్బారావు రాసిన 'రోషనార'లో నాయిక ముగలాయి రాచబిడ్డ, శివాజీ మీద మనసు పడుతుంది. అంతే ఆమె పని. సత్యభామకు జడ ఉంది, మధురవాణికి మాట ఉంది, చింతామణికి చివరికి వైరాగ్యమైనా ఉంది. తురకపిల్లకు ప్రేమించడం తప్ప ఏమీ ఇవ్వలేదు. ఆ ప్రేమ కూడా ఆమె గొప్ప చెప్పడానికి కాదు, అవతలి వీరుడి గొప్ప చెప్పడానికి. మేం మా పిల్లల్ని చూసుకోవాలనుకున్న తెలుగు రంగస్థలం మీద మాకు దొరికిన రాచబిడ్డ ఈమే. చరిత్రలో రోషనార ఔరంగజేబు అక్క. 1657లో అన్నదమ్ముల మధ్య సింహాసనం పోరు మొదలైనప్పుడు కోటలోపలినుంచి తమ్ముడి తరఫున రాజకీయం నడిపినది, ఢిల్లీలో తన పేర తోట వేయించుకున్నది. మంచిదో చెడ్డదో, బుర్ర ఉన్న మనిషి. ఆ బుర్ర నాటకానికి అక్కర్లేకపోయింది.

ముస్లింలు అభ్యంతరం చెప్పారు, తెల్లదొరల ప్రభుత్వం నాటకాన్ని నిషేధించింది. మనవాళ్ళు దాన్ని గెలుపనుకున్నారు. నాకలా అనిపించదు. నిషేధం వల్ల ఒక అబద్ధపు రోషనార తెర వెనక్కు పోయింది. ఆమె స్థానంలోకి నిజం రోషనార రాలేదు. మళ్ళీ వందేళ్ళకు, 2022 జనవరిలో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కాళ్ళకూరి నారాయణరావు 'చింతామణి'ని నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందని వైశ్యులు ఎప్పటినుంచో అడుగుతున్నారు. వాళ్ళ బాధ నాకర్థమవుతుంది. నాటకంలోనూ, సినిమాలోనూ తురక వేషం అంటే వచ్చీరాని తెలుగు, లుంగీ, కత్తి అని నవ్వులపాలైన జాతి మాది. కానీ ఆ నాటకంతోబాటు శ్రీహరి, చిత్ర కూడా తెర వెనక్కు వెళ్ళిపోయారు. సుబ్బిశెట్టిని పల్లెటూరి కంపెనీలు బూతుల్లోకి దించి పాడుచేశాయన్న మాట నిజం. ఆ బూతుల మధ్య కూడా మగవాడి జేబునూ మొహాన్నీ ఒకే చూపులో చదివేసే చిత్ర చమత్కారం మిగిలే ఉండేది.

పెనుగంచిప్రోలు తిరపతమ్మ తిరునాళ్ళకు మా వైపునుంచి బండ్లు కట్టుకుని వెళ్ళినవాళ్ళల్లో సాయిబుల కుటుంబాలు కూడా ఉండేవి. గాజులమ్మేవాళ్ళు, పీచుమిఠాయివాళ్ళు, బండ్ల చక్రాలకు పట్టాలు వేసేవాళ్ళు. తెల్లవార్లూ హార్మోనియం. ఆడవాళ్ళు బండి చాటునుంచి చూసేవాళ్ళు. మా నానీకి పద్యాలు అర్థమయ్యేవి కావు. రాగాలు తీస్తున్నంతసేపూ కునుకు తీసి, చిత్ర రాగానే లేచి కూర్చునేదట. "ఆ పిల్ల ఒక్కతే నిజం మాట్లాడుద్దే" అనేది. ఆ పిల్ల ఊళ్ళో కల్లుగీసే ఇంటి కుర్రాడని ఆమెకు తెలుసు. అయినా పిల్లే.

ఆడవేషానికి ఆడమనిషి రావడానికి చాలా కాలం పట్టింది. 1885లో కడప జిల్లా సురభిలో మొదలైన నాటక కుటుంబాల్లో ఇంటి ఆడవాళ్ళే వేషాలు కట్టారు, కట్టినందుకు ఊళ్ళో మాటలు పడ్డారు. బళ్ళారి రాఘవ పట్టుబట్టి కొమ్మూరి పద్మావతీదేవి లాంటి చదువుకున్న స్త్రీలను రంగం మీదికి తెచ్చాడు. 1940లలో ప్రజానాట్యమండలి వచ్చాక మోటూరి ఉదయం వంటివాళ్ళు బుర్రకథ దళం కట్టి ఊరేగారు. బుర్రకథంటే గుంటూరు జిల్లా పొన్నెకల్లు షేక్ నాజర్ గుర్తుకొస్తాడు, రావాలి కూడా. అయితే ఆ దళాల్లోకి మా నాజర్లు వచ్చినంత సులువుగా మా నాజర్ల చెల్లెళ్ళు రాలేదు. ఘోషా ఒక కారణం, పేదరికం అంతకంటే పెద్ద కారణం. బడికే పంపనివాళ్ళు నాటకానికి పంపుతారా?

నిజానికి కథకు సరుకు లేక కాదు. మధురవాణిని వెతుక్కుంటూ విజయనగరందాకా పోనక్కరలేదు, హైదరాబాదులోనే మహ్ లకా బాయి చందా ఉంది. 1768లో పుట్టి 1824లో పోయింది. గణిక. ఉర్దూలో తన గజళ్ళను దివానుగా కూర్చుకున్న తొలి స్త్రీలలో ఒకతె. నిజాం దర్బారులో జాగీర్లు, సలహాలడిగే దివానులు, విలువిద్య. దండయాత్రలకు మగదుస్తుల్లో గుర్రమెక్కి వెళ్ళింది. మౌలాలి గుట్ట కింద తల్లి సమాధి పక్కనే ఆమె సమాధి. మగవేషంలో వకీలు ఇంటికి వెళ్ళిన మధురవాణి నవ్వించింది, మగవేషంలో యుద్ధానికి వెళ్ళిన చందాబాయి తెలుగు రంగస్థలం కంట పడలేదు. మన బస్సు రోజూ ఆగే హయత్‌నగరం గోల్కొండ రాణి హయత్ బక్షీ బేగం పేర వెలిసింది. సుల్తాను కూతురు, సుల్తాను భార్య, సుల్తాను తల్లి, కొడుకు అబ్దుల్లా పేరుతో చాలాకాలం రాజ్యం నడిపిన 'మా సాహెబా'. ఆ మా సాహెబా చెరువే నోళ్ళల్లో పడి మాసాబ్ ట్యాంక్ అయింది. చెరువు పోయింది, పేరూ చెదిరింది.

హైదరాబాదులో దక్కనీ ఉర్దూ హాస్యనాటకం లేకపోలేదు. బబ్బన్ ఖాన్ 'అద్రక్ కే పంజే' 1965 నుంచి 2001 దాకా ఆడి గిన్నిస్ పుస్తకానికెక్కింది. చాలీచాలని జీతం, ఇంటినిండా పిల్లలు, గుమ్మంలో అప్పులవాళ్ళు. నవ్వలేక చచ్చినవాళ్ళున్నారు. కృష్ణా, గుంటూరు జిల్లాల తెలుగు ముస్లింకు అటు ఆ ఉర్దూ పూర్తిగా అందదు, ఇటు ఈ గ్రాంథిక పద్యమూ అందదు. ఒకప్పుడు ఈ గోడ ఇంత ఎత్తు లేదు. 1880లలో మచిలీపట్నంలో నాదెళ్ళ పురుషోత్తమకవి అనే తెలుగు బ్రాహ్మణుడు హిందుస్థానీలో నాటకాలు రాసి ఆడించాడు, రాసింది తెలుగు లిపిలో. మా భాష ఆ నోళ్ళల్లో వెక్కిరింత కాలేదు. 1998లో 'జల్‌జలా' వచ్చాక కవిత్వం వచ్చింది, కథలొచ్చాయి, 2005లో షాజహానా 'నఖాబ్' వచ్చింది. కోపం చెప్పాం, దుఃఖం చెప్పాం. నవ్వు వైపు మాత్రం మనవాళ్ళ చూపు తక్కువ. నవ్వితే ఎక్కడ లోకువైపోతామోనన్న భయం అది. కానీ ఇంటి సంగతి మొహమాటం లేకుండా మాట్లాడాలంటే హాస్యాన్ని మించిన సాధనం లేదు.

ఇంటి సంగతి అంటే మెహర్. ఆనందగజపతి మహారాజు సేకరింపజేసిన జాబితాను గురజాడ తన పీఠికలో చెప్పాడు. విశాఖ జిల్లాలో మూడేళ్ళలో 1034 శుల్క వివాహాలు, పెళ్ళికూతుళ్ళల్లో ఏడాది నిండిన పిల్లలు ముగ్గురు. ఆ డబ్బు తండ్రి మొలలోకి పోయేది. మెహర్ అది కాదు. అది పెళ్ళికూతురి సొంత హక్కు, తండ్రికి గాని మొగుడికి గాని అందులో పైసా వాటా లేదు. 1961 వరకట్న నిషేధ చట్టం కూడా మెహర్ కట్నం కాదని వేరుచేసి చెప్పింది. గర్వపడవలసిన సంగతే. మరి మన నిఖాల్లో జరుగుతున్నదేమిటి? కాజీ రిజిస్టరులో మెహర్ పేర కొన్ని వందలో వేలో రాసుకుంటారు, అదీ తరువాత ఇస్తామన్న మాటే. జహేజు మాత్రం లక్షల్లో ముందే ముడుతుంది. మోటారు సైకిలు గుమ్మం ముందు నిలబడితేగాని బారాత్ కదలదు. వితంతువు మళ్ళీ పెళ్ళాడవచ్చని మతం చెప్పినా పక్కింటి పెద్దకులాలను చూసి ముక్కు విరిచే కుటుంబాలూ ఉన్నాయి. పొరుగువాడి మంచి అంటలేదు, రోగమంటింది.

కాళ్ళకూరివారి 'వరవిక్రయం' 1920లలో ఆడింది. పెద్దకూతురు కాళింది కట్నపు పెళ్ళి వద్దని ప్రాణం తీసుకుంటుంది. చిన్నకూతురు కమల ఏడవదు. పెళ్ళి చేసుకుంటుంది, ఆనక అత్తారింటికి పోనంటుంది. డబ్బిచ్చి కొనుక్కున్న సరుకు మాది కాబట్టి అతనే మా ఇంటికి రావాలంటుంది. కోర్టులో ఆ వాదన నడుస్తుంటే పిసినారి మామ లింగరాజు మొహం చూడాలి. కాళింది కోసం జనం కళ్ళు తుడుచుకున్నారు. కమల వల్ల కట్నం పుచ్చుకున్నవాళ్ళు సీట్లలో ఇబ్బందిగా కదిలారు.

కమల మన వైపు కూడా ఒకసారి వచ్చింది, వేషం కట్టకుండా. కొన్నేళ్ళ కిందట నందిగామ దగ్గరి పల్లెలో ఒక నిఖా. డిగ్రీ చదివిన పిల్ల. ఒప్పుదల అడగడానికి వకీలు, ఇద్దరు సాక్షులు తెరదాకా వెళ్ళారు. మెహర్ ఎంతో చదివి, ఖబూలేనా అని అడిగారు. తెర వెనకనుంచి, "డబ్బు తెచ్చారా చిచ్చా?" అని వినిపించింది. మొదట ఆడవాళ్ళ గదిలో నవ్వులు. అవి షామియానాదాకా పాకాయి, పెళ్ళికొడుకు స్నేహితులైతే చప్పట్లు కొట్టారు. రెండోసారి అడిగారు. అదే మాట, అదే గొంతు. నవ్వులు ఆగిపోయాయి. పెళ్ళికొడుకు మామయ్య జేబులు తడుముకుని, ఇంకెవరినో పక్కకు పిలిచి, నోట్లు లెక్కపెట్టించి లోపలికి పంపాడు. కాజీగారు కలం మూత తీసే ఉంచుకుని, అది లెక్క తేలేదాకా రిజిస్టరు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు.